ఇమాటినిబ్ వేసుకుంటున్న మా తమ్ముడి కొడుక్కి

చిన్నబాబూ,

మాత్ర పడక రెండ్రోజులు మానేశానని నువ్వు ఫోన్‌లో అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అందుకే రాస్తున్నాను.

నాదీ నీలాగే సీఎంఎల్లే, అదే, ఆ రక్త క్యాన్సరే. నాదీ అదే మాత్ర, రోజుకి 400 మిల్లీగ్రాములు, పన్నెండేళ్లుగా. మొదటి వారం పరగడుపునే మింగేవాణ్ణి. అరగంట తిరక్కుండా వాంతి, పైకొచ్చేది వట్టి పసరు. ఈ మందు ఖాళీ కడుపులో పడితే లోపలి పొరని రేపుతుంది, తిండి మధ్యలో వేసుకోవాలని డాక్టరు చెప్పిందాకా నాకు తెలియదు. అప్పట్నుంచి మీ పెద్దమ్మ సగం అన్నం తిననిచ్చి, మాత్ర చేతిలో పెట్టి, పెద్ద స్టీలు గ్లాసుడు నీళ్లు మొత్తం తాగేదాకా కదలనివ్వదు. మిగతా సగం పెరుగన్నం ఆ తర్వాతే. రెండు గంటలు నడుం వాల్చను. గొంతు దిగకపోతే మాత్రని 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, కరిగేదాకా చెంచాతో తిప్పి, వెంటనే తాగెయ్. ఒకటి గుర్తుంచుకో, ఇదే జబ్బుకిచ్చే ఇంకో మందు నిలోటినిబ్, అది వాడేవాళ్లకి పరగడుపే నియమం. వాళ్ల మాట విని నీది మార్చుకోకు.

వాంతైపోయిందని ఇంకో మాత్ర వేసుకోవద్దు. మర్నాడు మామూలు వేళకే వేసుకో.

ఇక విరేచనాలు. పేగుల కదలికని నడిపే కణాలకి కిట్ అనే ప్రోటీన్ కావాలి, ఈ మందు దాన్నీ అడ్డుకుంటుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలుపు, మిగిలింది మర్నాటికి ఉంచకు. మజ్జిగన్నం, అరటిపండు నాకు పడ్డాయి. ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టు. లోపరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకు. జ్వరం వచ్చినా, మలం నల్లగా తారులా పోయినా, రక్తం కనిపించినా, కడుపునొప్పి తట్టుకోలేనంత ఉన్నా, ఉన్నట్టుండి బరువు పెరిగినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు. బరువు పెరగడమంటే ఒంట్లో నీరు చేరుతుండొచ్చు.

మన పెరట్లో పంపరపనస నీకు ప్రాణమని తెలుసు, అయినా వద్దు. గ్రేప్‌ఫ్రూట్ లాగే అదీ రక్తంలో మందు మోతాదుని పెంచగలదు. ఎవరో ఇచ్చిన చూర్ణాలు కూడా డాక్టరుకి చూపించందే నోట్లో పెట్టకు.

మానేసిన రోజులు మాత్రం దాచకు నాన్నా. మూడు నెలలకి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేస్తారు, రక్తంలో జబ్బు ఎంత తగ్గిందో చూసే పరీక్ష అది. నువ్వు మింగలేదని తెలియకపోతే, రిపోర్టు బాగా లేనప్పుడు మందే పనిచెయ్యట్లేదనుకుంటారు. కడుపు తట్టుకోలేకపోతే మోతాదు సంగతి వాళ్లే చూస్తారు, అది మనం ఇంట్లో తేల్చుకునేది కాదు.

రేపు రాత్రి ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చుని వీడియో కాల్ చెయ్యి. నేనూ అప్పుడే వేసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న