తూటాలు ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్‌కార్డు వచ్చాక పిస్టల్ షూటింగ్ మొదలుపెట్టాను. నెలకు 9ఎంఎం రౌండ్లు (తూటాలు) 400, వాటికంటే పెద్దవైన .45 ఏసీపీ రౌండ్లు 100 దాకా కాలుస్తాను. తూటాల ఖర్చు బాగా పెరిగిపోతోంది. షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఒకాయన ఇంట్లోనే రీలోడింగ్, అంటే కాల్చేసిన కేసులను మళ్లీ నింపి తూటాలు చేసుకోమంటున్నారు. 1,800 డాలర్లు పెట్టి, తూటాలను వరసగా వేగంగా తయారుచేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ సెట్ తీసుకుంటే ఏడాదిలో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుందని చెప్పారు. వాయిదాల్లో కొందామనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 2,400 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. హెచ్‌1బీ మీద ఉన్న మా బావమరిది సగం ఖర్చు పెట్టుకుని పనిలోనూ సాయం చేస్తానంటున్నాడు. నా భార్యకు మాత్రం ఇదంతా టెన్షన్‌గా ఉంది, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: 1,800 డాలర్ల సెట్ వద్దు. వాయిదాలు అసలే వద్దు. ముందు కార్డు బాకీ తీర్చండి. ఆ తర్వాత కూడా మనసు అటే లాగుతుంటే, చేతిలో ఉన్న డబ్బుతో 500 డాలర్లలో, ఒక్కసారికి ఒక్క పనే చేసే చిన్న సింగిల్ స్టేజ్ ప్రెస్ సెట్ కొని .45 ఒక్కటే రీలోడ్ చేయండి. 9ఎంఎం మాత్రం వెయ్యి రౌండ్ల పెట్టె లెక్కన కొట్లో కొనుక్కోవడమే మీకు లాభం. నేనూ గరాజ్‌లో ఈ పని చేసుకునేవాణ్ణే, ఇష్టంగా చేస్తాను. అందుకే లెక్క దాచకుండా చెబుతున్నాను.

ఒక రౌండ్‌లో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. కాల్చాక మన చేతికి తిరిగొచ్చేది కేసు ఒక్కటే. మిగతా మూడూ ప్రతిసారీ కొనాల్సిందే. 2020కి ముందు ప్రైమర్ ఒకటి మూడు సెంట్లకు అటూ ఇటూగా దొరికేది. కోవిడ్ రోజుల్లో షాపుల్లో సరుకే లేకుండా పోయింది. ఇప్పుడు దొరుకుతోంది గానీ ధర పాత చోటికి దిగిరాలేదు, ఏడు సెంట్ల దగ్గర ఉంది. పాతకాపులు ‘సగం ధరకే పడుతుంది’ అని చెప్పేది ఆ పాత ధరల లెక్కే.

ఇప్పుడు మీ 9ఎంఎం చూద్దాం. ధరలన్నీ సుమారుగా చెబుతున్నాను, మీ ఊళ్లో చూసుకుని మార్చుకోండి. కొట్లో రౌండ్ 24 సెంట్లు, డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కలిపితే 26. ఇంట్లో చేస్తే ప్రైమర్ 7, పౌడర్ 3, బుల్లెట్ 10, మొత్తం 20. ట్యాక్స్ కలిపితే 22 దగ్గర తేలుతుంది. రౌండ్‌కు మిగిలేది నాలుగు సెంట్లు. నెలకు 400 రౌండ్లకు 16 డాలర్లు, ఏడాదికి 192.

.45 సంగతి వేరు. కొట్లో రౌండ్ 45 సెంట్లు, ట్యాక్స్‌తో 48 పైన. ఇంట్లో ప్రైమర్, పౌడర్ ఖర్చు 9ఎంఎంకు దాదాపు సమానమే. బుల్లెట్ మాత్రం రెట్టింపు బరువు, 17 సెంట్ల దాకా పడుతుంది. ట్యాక్స్‌తో కలిపినా 30 దాటదు. అంటే రౌండ్‌కు 18 సెంట్లు మిగులు. మీరు నెలకు కాల్చే ఆ వంద రౌండ్ల మీద ఏడాదికి 216 డాలర్లు. నాలుగు వందల 9ఎంఎం మీద కంటే వంద .45 మీదే ఎక్కువ మిగులుతోందన్నమాట. 9ఎంఎం అందరూ కాలుస్తారు కాబట్టి ఫ్యాక్టరీలు కోట్లలో చేసి తక్కువ లాభానికే అమ్ముతాయి. .45కి అంత పోటీ లేదు. .38 స్పెషల్, .44 మాగ్నమ్ లాంటివి కాల్చేవాళ్లకు ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

రెండూ కలిపి ఏడాదికి మీకు మిగిలేది 408 డాలర్లు. 1,800 తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. ఏడాదిలో రావాలంటే నెలకు ఎనిమిది, తొమ్మిది వందల .45 రౌండ్లు కాల్చాలి. మీకు చెప్పినాయన అంత కాలుస్తారేమో, మీరు కాల్చరు. మరోవైపు మీ కార్డు బాకీ మీద ఏడాదికి వడ్డీ 576 డాలర్లు. రీలోడింగ్ మొత్తం కలిసొచ్చినా ఆ వడ్డీకి సరిపోదు. బాకీ తీర్చడం మొదటి పని అన్నది అందుకే.

టైమ్ కూడా డబ్బే కదా. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద కొత్తవాళ్లు గంటకు 50 నుంచి 100 రౌండ్లు చేయగలరు. నెలకు నాలుగు వందల 9ఎంఎం అంటే నాలుగు నుంచి ఎనిమిది గంటల పని, మిగిలేది 16 డాలర్లు. .45 వంద రౌండ్లకు ఒక సాయంత్రం రెండు గంటలు, మిగిలేది 18. ప్రోగ్రెసివ్ ప్రెస్ గంటకు 400 పైనే చేస్తుంది, కానీ ఒకేసారి నాలుగైదు పనులు జరుగుతుంటాయి. కొత్త చేతికి ఏ దశలో ఏం తప్పిందో కంటికి ఆనదు. ఆ వేగం మీకిప్పుడు అవసరం లేదు.

500 డాలర్లలో ఏమేం రావాలంటే: ప్రెస్, కేసును సరైన కొలతకు తెచ్చే .45 కార్బైడ్ డైలు, త్రాసు, దాన్ని సరిచూసుకునే తూకం రాళ్లు, పొడవు కొలిచే కాలిపర్, కేసులు కడిగే టంబ్లర్, కళ్లద్దాలు, లోడ్ మాన్యువల్. ప్రెస్ సెకండ్‌హ్యాండ్‌ది కొన్నా నష్టం లేదు. ఇనుము అరగదు, మంచి కంపెనీలు జీవితకాలం గ్యారంటీ ఇస్తాయి, వద్దనుకుంటే తిరిగి అమ్మినా మంచి ధరే వస్తుంది. త్రాసు దగ్గర, మాన్యువల్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఎంత పౌడర్ వేయాలో ఆ మాన్యువల్‌లో చూసే వేయాలి. ఎవరో ఫోన్‌లో చెప్పిన తూకం వాడకండి. ఇవి కాక మొదటి సరుకు వెయ్యి ప్రైమర్లు, వెయ్యి బుల్లెట్లు, పౌండు పౌడర్ కలిపి మరో 285 డాలర్లు అవుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పౌడర్, ప్రైమర్ల పార్సిల్‌కు హజ్మాట్ (ప్రమాదకర సరుకు) ఫీజు వేరే ఉంటుంది. చిన్న ఆర్డర్‌లో మీ మిగులంతా దానికే పోతుంది, కాబట్టి స్థానికంగా కొనండి. .45 ఒక్కటే చేస్తే పరికరాల డబ్బు రావడానికి రెండేళ్లు దాటుతుందని కూడా ముందే తెలుసుకోండి.

రేంజ్‌లో ఏరుకున్న .45 కేసులను ఒకసారి తిరగేసి చూడండి. కొన్నిటికి పెద్ద ప్రైమర్ గుంట, కొన్నిటికి చిన్నది ఉంటుంది. ముందే వేరు చేసుకోకపోతే పని మధ్యలో ప్రెస్ ఆగిపోతుంది. పౌడర్ వేశాక యాభై కేసులను చెక్క బ్లాక్‌లో నిలబెట్టి, పై నుంచి టార్చ్ వేసి ఒక్కో వరసా చూడాలి. అన్నిట్లో పౌడర్ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకదాంట్లో రెండుసార్లు పడితే తుపాకీ పేలిపోవచ్చు. అసలు పడకపోతే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుంటుంది, అది గమనించక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పోతుంది, చేయి కూడా పోవచ్చు. రీలోడ్ చేసిన తూటాలు వాడితే వారంటీ వర్తించదని చాలా పిస్టళ్ల కంపెనీలు కాగితం మీదే రాసి ఉంచుతాయి. ఇదీ మీ ఖర్చు లెక్కలోకి వచ్చేదే. ఫోన్, టీవీ, మాటలు ఏవీ లేని టైమ్ దొరికితేనే కూర్చోండి.

మీ భార్య టెన్షన్‌లో పూర్తిగా న్యాయం ఉంది. కాల్చిన కేసుల మీద, వాటిని శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు ఉన్నా సరే, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ దాన్ని గమనించాల్సిన స్థాయి అంటుంది, అంటే చాలా తక్కువ. వంటింట్లో, డైనింగ్ టేబుల్ మీద ఈ పని ఎప్పుడూ పెట్టకండి. టంబ్లర్ నీళ్లతో కడిగేది తీసుకోండి, దుమ్ము లేవదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని పాపను ఎత్తుకోండి. తాళం వేసే గది గానీ బీరువా గానీ లేకపోతే ఈ ఆలోచన ఇప్పటికి మానేయండి. పౌడర్, ప్రైమర్లు వచ్చిన డబ్బాల్లోనే ఉండాలి. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ రాసిన 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో మామూలుగా 20 పౌండ్ల పౌడర్, 10,000 ప్రైమర్ల వరకు ఉంచుకోవచ్చు. అయినా మీ సిటీ ఫైర్ కోడ్ చూడండి, అపార్ట్‌మెంట్ అయితే లీజు చదవండి, ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి అడగండి. క్లెయిమ్ టైమ్‌లో తెలుసుకోవడం కంటే ఇదే మంచిది.

బావమరిదిని ఇందులోకి రానివ్వకండి. సొంత వాడకానికి చేసుకునేవాళ్లకు ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, ఆ వెసులుబాటు మీకుంది. కానీ హెచ్‌1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాలు కలిగి ఉండటం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, అవి అతనికి వర్తిస్తాయో లేదో లాయర్ చెప్పాలి. సగం డబ్బు పెట్టి సగం తూటాలు తన వాటా అనుకుంటే, అతని గ్రీన్‌కార్డు ఆశ మొత్తం పణంగా పెట్టినట్టే. మీరు కూడా మిగిలినవి స్నేహితులకు అమ్మాలని చూడకండి. అమ్మకానికి చేయాలంటే ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే టైప్ 06 లైసెన్స్ ఉండాలి. ఫీజు మూడేళ్లకు 30 డాలర్లే గానీ, 11 శాతం ఫెడరల్ ఎక్సైజ్ ట్యాక్స్, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత, అన్నీ మీ నెత్తిన పడతాయి.

మీ లక్ష్యం డబ్బు మిగల్చడమే అయితే రీలోడింగ్ కంటే మంచి దారి ఉంది. 9ఎంఎం నాలుగు వందల్లో రెండు వందలు .22 ఎల్ఆర్ అనే చిన్న తూటాకు మార్చండి. అది రౌండ్ ఎనిమిది సెంట్లు. నెలకు 36 డాలర్లు, ఏడాదికి 432 మిగులుతాయి. మీ రెండు రకాల తూటాలూ ఇంట్లో చేసుకున్నా ఇంత రాదు. .22 పిస్టల్ ఒకటి 300 డాలర్లకు దొరికినా తొమ్మిది నెలల్లోపే దాని ఖర్చు వచ్చేస్తుంది. పైగా కొత్తవాళ్లకు గురి కుదిరేది రీకాయిల్ (వెనక్కి తన్నడం) తక్కువ ఉన్న తుపాకీతోనే. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చేస్తే అసలు ఖర్చే లేదు. మీ పిస్టల్ మాన్యువల్ అందుకు ఒప్పుకుంటుందో లేదో చూసి, గదిలో ఒక్క తూటా కూడా లేకుండా చేయండి.

కాబట్టి .22 పిస్టల్ చేతిలో ఉంటే ఈ నెల నుంచే దానికి మారి, మిగిలే 36 డాలర్లూ కార్డుకు కట్టండి. దాంతోపాటు ప్రెస్ వాయిదాకు కడదామనుకున్న డబ్బూ అటే మళ్లించండి. బాకీ సున్నా అయిన రోజున మీ భార్యతో కూర్చుని .45 ప్రెస్ గురించి మాట్లాడండి.

చివరగా ఒక మాట, మీరు అడగకపోయినా. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగ్‌ను ఇండియా ప్రయాణానికి వాడకండి. పక్క జేబులో మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. సెలవులు కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతాయి, లాయర్ ఫీజు ముందు ఈ తూటాల లెక్కలన్నీ చిన్నవైపోతాయి.