నవ్వమనే ముందు నిలబెట్టడం చూసుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన ప్రీవెడ్డింగ్ ఫొటోలు 22 చూశాను. ఫోకస్ పర్లేదు, రంగులు పర్లేదు, పెళ్లికూతురు నవ్వూ బాగుంది. అయినా మనిషి బిగుసుకుపోయినట్టుంది. నువ్వు ముఖం దగ్గర మొదలుపెట్టావు కాబట్టి. పోజు పాదాల దగ్గర మొదలవుతుంది.

రెండు కాళ్ల మీదా సమానంగా బరువేసి కెమెరాకి ఎదురుగా నిలబడితే ఎంత అందగత్తె అయినా బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టే ఉంటుంది. "బరువు వెనక కాలి మీద వెయ్యమ్మా, ముందు మోకాలు వదులుగా ఉంచు" అని చెప్పు. చీర కుచ్చిళ్లలో కాళ్లు కనబడవుగా అంటావేమో. కాళ్లు కనబడవు కానీ భుజాలు కనబడతాయి. బరువు ఒక పక్కకి పోగానే ఒక భుజం కాస్త దిగుతుంది, అక్కడితో బిగువు పోతుంది. తర్వాత ఒంటిని కొద్దిగా పక్కకి తిప్పించి, ముఖం మాత్రం నీవైపు పెట్టించు.

చేతుల దగ్గర చాలామంది తేలిపోతారు. చెయ్యి ఒంటికి ఆనుకుంటే జబ్బ నొక్కుకుపోయి లావుగా కనబడుతుంది. మోచేతికీ నడుముకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే చాలు. అరచేతి వెనకభాగం నేరుగా కెమెరా వైపు ఉంటే అది ముఖమంత వెడల్పుగా పడుతుంది. చిటికెనవేలి వైపు నీకు కనబడేలా తిప్పించు. ఊరికే వేలాడే చేతికి పని ఇవ్వు. కొంగు అంచు పట్టుకోమను, పిడికిట్లో కాదు, రెండు వేళ్లతో.

ఇక గడ్డం. "గడ్డం దించమ్మా" అంటే వెనక్కి లాక్కుని దించుతారు, మెడ కింద మడత వచ్చేస్తుంది. తాబేలు తల బయటపెట్టినట్టు ముందు ముఖాన్ని ముందుకి చాపాలి, ఆ తర్వాత ఒక్క పిసరు దించాలి. మాటల్లో చెబితే అర్థం కాదు, నువ్వే చేసి చూపించు. నవ్వితే నవ్వనీ, ఆ నవ్వు కూడా పనికొస్తుంది. పక్కచూపు ఫొటోల్లో ముక్కు ఎటుంటే కళ్లూ అటే ఉండాలి. లేకపోతే తెల్లగుడ్డే మిగులుతుంది, నీ 9వ ఫొటోలో అదే జరిగింది.

14వ ఫొటోలో సముద్రం, ఆకాశం కలిసే గీత ఆ అమ్మాయి మెడని అడ్డంగా కోసేసింది. ఆ గీత ఎప్పుడూ నీ కెమెరా ఎంత ఎత్తులో ఉంటే మనిషి మీద అంత ఎత్తులోనే పడుతుంది. నిలువెత్తు ఫొటోకి మోకాలి మీద కూర్చుని కెమెరాని ఆమె నడుము ఎత్తుకి తెచ్చుకో, గీత మెడని వదిలేస్తుంది. ముఖం దగ్గరగా తీసేటప్పుడు సముద్రాన్నే వదిలెయ్యి, ఏ రాయినో చెట్టునో దూరంగా వెనక పెట్టుకో. క్లిక్ కొట్టే ముందు తల చుట్టూ ఒకసారి చూడు, కరెంటు స్తంభం కొప్పులోంచి మొలవకుండా.

ఫ్రేము అంచు మణికట్టు, మోచెయ్యి, మోకాలు, చీలమండ మీద పడకూడదు. కోయాల్సి వస్తే తొడ మధ్యలో కొయ్యి. పట్టీలు కట్టిన కాళ్లని నువ్వు సరిగ్గా పట్టీల దగ్గరే కోశావు. వాళ్లమ్మ ముందు అదే అడుగుతుంది.

ముక్కు పెద్దగా వచ్చిందని లెన్సుని తిట్టకు. 18 ఎంఎంలో పెట్టి దగ్గరికెళ్లిపోయావు. కెమెరాతో వచ్చిన నీ కిట్ లెన్సునే 55కి తిప్పి మనిషికి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడు. జంటని తీసేటప్పుడు ఇద్దరి ముఖాలూ లెన్సుకి ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టు, అపర్చర్ (లెన్సు లోపలి కన్నం) f/5.6 దగ్గర ఉంచు, షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదించనివ్వకు.

వెలుతురు సంగతి. విశాఖలో సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు, ఊరి వైపు దిగుతాడు. జుట్టు చుట్టూ బంగారు అంచు, వెనక నీళ్లు, రెండూ కావాలంటే పొద్దున్నే రావాలి. నీలా సాయంత్రం తీస్తే ఎండ సూటిగా వాళ్ల కళ్లలో పడుతుంది, చిట్లించుకుంటారు. అప్పుడు సూర్యుడు భవనాల వెనక్కి వెళ్లేదాకా ఆగు. చెట్టు నీడ కావాలంటే ముందు నేల చూడు. నేల మీద ఎండ చుక్కలుంటే ముఖం మీదా ఉంటాయి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లో ఎండ నేలకి తగిలి లేచి గడ్డం కింద ఎర్రగా పూస్తుంది. ఆ ఎరుపు తగ్గాలంటే తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి ఛాతీ ఎత్తులో, కాస్త పక్కగా పట్టించు. కింద నుంచి పడితే దెయ్యం సినిమాలో టార్చిలైటులా ఉంటుంది. వెలుతురుని తిప్పికొట్టే రిఫ్లెక్టర్ ఉంటే దాని వెండి వైపు ఎండలో వాడకు, కళ్లు తెరవలేరు.

ఈసారి 22 వద్దు, 5 పంపు. క్రాప్ చెయ్యకుండా, కెమెరాలో ఎలా పడ్డాయో అలాగే.

నీ అన్నయ్య