ఒక్క బుటా చాలు

బ్రాడీపేట, గుంటూరు

అబ్బాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మగ్గం నేసే కుర్రాడూ, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన బ్యాంకు గుమస్తా, ఇద్దరూ నచ్చారు. మంగళగిరిలో పెట్టడమూ బాగుంది. కానీ మూడో పేజీకే ఊరంతా కర్రలు పట్టుకొచ్చింది. ఇద్దరు మగపిల్లల మధ్య హాయిగా చదువుకునే ప్రేమకథ రాస్తానన్నావు కదరా, ఈ కర్రలెందుకు?

మన ఊళ్లలో ఇద్దరు మగవాళ్లు ఒకే గదిలో అద్దెకుంటే ఎవరూ ఏమీ అడగరు. ఒకే బండి మీద తిరిగినా, ఒకే కంచంలో తిన్నా 'మంచి స్నేహితులు' అంటారు. చిక్కంతా ముప్ఫై దగ్గరపడ్డాకే. కింద వాటా పిన్నిగారు సంబంధం పట్టుకొస్తుంది, అదీ ప్రేమతోనే, చేతిలో గోంగూర పచ్చడి గిన్నెతో. ఆవిడ అమ్మాయి ఫోటో చూపిస్తుంటే, గుమస్తా మొహం చూడలేక మనవాడు మంచినీళ్ల వంకతో లేస్తాడు. నీ కథకి టెన్షన్ అక్కడుంది. పిన్నిగారిని రాక్షసిని చెయ్యకు. ఆవిడకి విషయం ఏ రోజు అర్థమైందో మాకు తెలియాలి గానీ, ఆవిడ నోరు విప్పకూడదు. అప్పటిదాకా చెరో గిన్నెలో పంపిన పచ్చడి, మర్నాటి నుంచి ఒకే పెద్ద గిన్నెలో వస్తే చాలు.

ఆదివారాలు ఇద్దర్నీ బెజవాడ బస్సెక్కించు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర "ఎవరబ్బాయివి?" అని అడిగేవాళ్లుండరు.

ఇక మాయ. ఎగిరే మగ్గం, మాట్లాడే నెమలి, శాపం, ఇన్ని వద్దు. మంగళగిరి చీరంటే నిజాం అంచు, ఒళ్లంతా సాదా. పాత పద్ధతి నేతలో బుటా, అంటే బట్టలో నేసే చిన్న పువ్వు, వెయ్యరు. మరి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నాడె ఆడిస్తున్నవాడికి, తను వెయ్యని బుటా ఒకటి, కందిగింజంత, బట్టలో కనిపిస్తే? మనసులో మాట మింగిన రోజే అది పడుతుంది. నియమం అదొక్కటే, చివరిదాకా తప్పకు. ఎందుకు పడిందో వివరించకు. బిందెడు పానకం పోస్తే సగం తాగి సగం మనకే వదిలే స్వామి ఉన్న ఊరది, వాళ్లకి నువ్వు మాయను నమ్మించేదేంటి? నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ మాత్రం డ్యామేజీ కింద కూలీ కోస్తానని గొణగాలి. మాయ ఖరీదు రూపాయల్లో పడితేనే నాకు నమ్మకం.

పోలీసుల సీను తీసెయ్. కథ ఇప్పటిదంటున్నావు, మేజర్లయిన ఇద్దరు మగవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6నే తేల్చింది. చివర్లో రిజిస్ట్రారాఫీసు పెళ్లీ కుదరదు, 2023 అక్టోబరు తీర్పులో ఆ హక్కు రాలేదు. అలాగని ఏడిపించకు. ఇలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. నీ హీరో బ్యాంకువాడే కదా! తన కౌంటర్లో తానే ఫారం నింపుతూ, 'నామినీతో సంబంధం' అన్న గడి దగ్గర పెన్ను ఆపితే? ఆ సాయంత్రం మగ్గం మీద బట్ట సాదాగా ఉందో లేదో మేం చూసుకుంటాం.

నా ఇరవై ఆరో ఏట ఇలాంటి కథే ఒకటి రాశాను. పత్రిక ఎడిటరు ఒకణ్ణి అమ్మాయిగా మార్చమన్నాడు. మార్చాను, అచ్చయింది, డబ్బులూ వచ్చాయి. పేరు మార్చాను గానీ, పొద్దున్నే గడ్డం గీసుకునే వాక్యం తీయడం మర్చిపోయాను. ఒక్క పాఠకుడూ అడగలేదు.

తిరగరాసింది కాగితం మీద పంపు, ఫోన్లో చదవలేను.

మీ మావయ్య