నర్సమ్మ జవాబులు: బాలింతకు చెంబెడు నీళ్ళు

ప్రభుత్వాసుపత్రి పురిటి వార్డులోనూ పసిపిల్లల వార్డులోనూ కలిపి 36 ఏళ్ళు పనిచేసి 2018లో విశ్రాంతి తీసుకున్నాను. విశ్రాంతి అన్నది కాగితం మీదే. మా వీధిలో ఎవరింట పురుడు వచ్చినా ముందు నా తలుపే తడతారు. ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ తొలి కాన్పు ఇళ్ళవే. కొన్నింటికి జవాబు పొడుగైంది, కొన్నింటికి రెండు మాటలు చాలాయి.

మా ఆవిడకు ఇంకో నెలలో కాన్పు. తొలి చూలు కాబట్టి పుట్టింటికి, నంద్యాల వెళ్ళింది. నేను హైదరాబాదులో ఒక్కడినే కూర్చుని బిడ్డకు కొనవలసిన వస్తువుల పట్టిక రాస్తే 43 తేలాయి. పట్టిక జతచేస్తున్నాను. మా అత్తగారేమో బిడ్డ భూమ్మీద పడకముందు గుడ్డముక్క కూడా కొనకూడదంటున్నారు. ఎవరి మాట వినాలి?
– కాబోయే తండ్రి, హైదరాబాద్

మీ అత్తగారి మాటే వినండి, బాబూ. ఆవిడ కారణం వేరు, నా కారణం వేరు, మిగిలే డబ్బు మాత్రం ఒకటే.

మీ పట్టిక చదివాను. పాలసీసాలు నాలుగు, వాటిని మరిగించే యంత్రం, పౌడరు, తలకు దిండు, చేతి తొడుగులు ఆరు జతలు, నడక బండి. నెల కూడా నిండని బిడ్డకు నడక బండి దేనికి? ఆ బండి నడక నేర్పదు, మెట్ల మీద నుంచి దొర్లించడం మాత్రం నేర్పుతుంది. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకాన్నే నిషేధించారు. పౌడరు బిడ్డ ఊపిరిలోకి పోతుంది. దిండు ముక్కుకు అడ్డం పడుతుంది. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండుకూ ఇదే మాట. బిడ్డను వెల్లకిలా, గట్టిగా ఉన్న పరుపు మీద, చుట్టూ ఏ మెత్తని సరంజామా లేకుండా పడుకోబెట్టాలి. తల ఆకారం దానంతట అదే సర్దుకుంటుంది.

కావలసినవి చెబుతాను. మీ అత్తగారింట్లో మెత్తబడిన పాత నూలు చీరలు నాలుగైదు ఉంటాయి. వాటిని వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, చింపి పెట్టమనండి. పొత్తిళ్ళూ లంగోటీలూ అవే. ముందువైపు ముడివేసే చొక్కాలు అరడజను, ఒక టోపీ, కాలిమేజోళ్ళు, ఒక డిజిటల్ థర్మామీటరు. ఇంతే. ఇవి కాక ముందే చూసి పెట్టుకోవలసినవి రెండు: అర్ధరాత్రి నొప్పులు వస్తే ఎక్కవలసిన బండి, అవసరమైతే రక్తమిచ్చే మనిషి. 108 ఉంది కదా అని ఊరుకోకుండా, తలుపు తడితే లేచే డ్రైవరు నంబరు ఒకటి గోడ మీద రాసి ఉంచండి.

ఆ తర్వాత సెలవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే మీకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగమైతే ఇప్పుడే అడిగి పెట్టుకోండి. బారసాల నాటికి పెట్టె పట్టుకుని చుట్టంలా దిగే తండ్రులను చాలామందిని చూశాను. మీరు ముందే వెళ్ళండి. గుడ్డలు ఉతకండి. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తిరగండి. దగ్గుతూ తుమ్ముతూ చూడవచ్చిన చుట్టాలను గుమ్మంలోనే మర్యాదగా ఆపండి, ఆ పని అల్లుడు చేస్తేనే చెల్లుతుంది. చొక్కా విప్పి బిడ్డను ఛాతీ మీద పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి. కొలంబియా రాజధాని బొగొటాలో 1978 ప్రాంతంలో నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు (ఇంక్యుబేటర్లు) చాలక, వాళ్ళను తల్లుల గుండెలకు ఇలాగే కట్టి బతికించారు. ఇప్పుడు మన పసిపిల్లల వార్డుల్లోనూ చేయిస్తున్నాం. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన. ఇంకొక పని: జనన నమోదు. 21 రోజుల లోపల అయితే రుసుము లేదు. ఆసుపత్రిలో పేర్లు రాసేటప్పుడు పక్కన నిలబడి అక్షరం అక్షరం చూడండి.

ఆపరేషను కాన్పు అయి ఎనిమిది రోజులు. బాబు పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజు తూస్తే 2.7. అప్పటి నుంచి నాకు పాలు చాలడం లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. గంటకోసారి ఏడుస్తాడు. అమ్మ పటికబెల్లం నీళ్ళు గుడ్డతో వాడి నోట్లో పిండుతోంది. పక్కింటావిడ డబ్బా పాలు మొదలుపెట్టమంటోంది. నాకు రోజుకు రెండు గ్లాసుల కాచిన నీళ్ళే ఇస్తున్నారు.
– ఒక బాలింత, తెనాలి

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను, అమ్మా. నీళ్ళతో పనిలేని బిడ్డకు నీళ్ళు పోస్తున్నారు, దాహంతో ఉన్న తల్లికి దాచేస్తున్నారు. మన ఇళ్ళలో ఈ తారుమారు ఎప్పుడు మొదలైందో గాని, నేను పనిచేసిన 36 ఏళ్ళూ చూశాను. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందట, బిడ్డకు జలుబు చేస్తుందట. 1985లో నా తొలి కాన్పుకు నేను అప్పటికే నర్సును. వార్డులో బాలింతలకు నీళ్ళు తాగమని పాఠాలు చెప్పిన దానిని, మా అమ్మ ముందు నోరెత్తలేక స్నానాల గదిలో దొంగచాటుగా చెంబుతో తాగాను. రెండో రోజు అమ్మ చెంబు తీసేసింది. దోసిలితో తాగాను.

మీరు దాహం తీరేదాకా తాగండి. పాలిచ్చేటప్పుడు గొంతు ఎండిపోతుంది కాబట్టి పక్కనే చెంబెడు నీళ్ళు పెట్టుకోండి. ఎక్కువ తాగితే పాలు ఎక్కువ పడతాయని బలవంతంగా తాగనక్కరలేదు. కాని రెండు గ్లాసులతో సరిపెడితే తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. కుట్లున్న కడుపుతో మలబద్ధకం ఎంత నరకమో మీ అమ్మగారికి ఎవరూ చెప్పి ఉండరు. పథ్యం పేరుతో వట్టి కారప్పొడి అన్నం పెడుతుంటే పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పెరుగు అడిగి తినండి. వెల్లుల్లి, శొంఠి పెట్టనివ్వండి, వాటితో నాకు తగవు లేదు.

ఇక బరువు. తొలి రోజుల్లో పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గడం మామూలే. మీ వాడు తగ్గింది 200 గ్రాములు, నూటికి ఏడు పాళ్ళు కూడా లేదు. రెండు వారాలకల్లా మళ్ళీ 2.9కి రావాలి. మీరు రేపే ఒకసారి తూయించండి. పాలు చాలుతున్నాయా లేదా అన్నది ఏడుపును బట్టి కాదు, గుడ్డలను బట్టి చెప్పాలి. ఈ వయసుకు ఇరవై నాలుగు గంటల్లో కనీసం ఆరుసార్లు ఒంటికి పోయాలి. మొదట తారులా నల్లగా ఉన్న విరేచనం ఈపాటికి పసుపుపచ్చగా మారి ఉండాలి. డైపరు వేస్తే ఈ లెక్క తెలియదు, అందుకే ఈ వారం రోజులైనా లంగోటీలు కట్టమంటాను. గంటకోసారి ఏడవడం గురించి అంటారా, పురిటి బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతాడు, అవి కూడా సమానమైన ఎడంలో కాదు. సాయంత్రం ఒకేసారి నాలుగుసార్లు తాగి రాత్రి రెండు గంటలు పడుకుంటాడు.

పటికబెల్లం నీళ్ళు ఇవాళే ఆపించండి. దానితో పొట్ట నిండితే రొమ్ము తక్కువ చీకుతాడు, తక్కువ చీకితే పాలు తక్కువ ఊరతాయి, అప్పుడు పక్కింటావిడ మాటే నిజమవుతుంది. ఆ గుడ్డతో వెళ్ళే సూక్ష్మజీవుల సంగతి వేరే. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, ప్రాణాపాయం. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు, మే నెల తెనాలిలో కూడా. డబ్బా పాలకు మన దేశంలో 1992 చట్టం ప్రకారం ప్రకటనలు వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీద అచ్చు వేయాలి కూడా. డాక్టరు చెప్పి ఇవ్వవలసిన సందర్భాలు ఉంటాయి, పక్కింటావిడ చెప్పేవి కావు.

బిడ్డ నోరు పట్టే తీరు చూసుకోండి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే మీకు నొప్పి, వాడికి ఆకలి. నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా లోపలికి వెళ్ళేలా దగ్గరికి తీసుకోండి, గడ్డం రొమ్ముకు ఆనాలి. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి. కుదరకపోతే ఆశా కార్యకర్తను పిలవండి. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వచ్చి చూడవలసిన బాధ్యత ఆమెది.

నాలుగో రోజున పాపకు పచ్చకామెర్లని నీలి దీపం కింద ఒక రోజు పెట్టాలన్నారు. మా అత్తగారు పొద్దుటి ఎండలో పెడితే పోతుందంటున్నారు. దీపం వల్ల కళ్ళు పోతాయని భయంగా ఉంది.
– ఒక తల్లి, ఏలూరు

మీ అత్తగారు సగం సరిగ్గా చెప్పారు. ఈ వైద్యం ఎండలోనే పుట్టింది, కనిపెట్టింది ఒక నర్సు. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే ఆవిడ నెలలు నిండని పిల్లలను ఎండపొద్దున ఆవరణలోకి తెచ్చేది. 1956లో ఒకరోజు ఒక బిడ్డ ఒంటి మీద ఎండ తగిలిన చోట పచ్చదనం తగ్గి, దుప్పటి చెంగు కప్పిన చోట మాత్రం పచ్చటి ముక్కోణం మిగిలి ఉండటం గమనించి డాక్టర్లకు చూపించింది. అక్కడి డాక్టర్లు దాన్ని పరీక్షించి, దీపాల కింద పెట్టి, 1958లో ప్రకటించారు. మా వృత్తిలో ఈ కథ చెప్పుకోకుండా ఏ నర్సూ ఊరుకోదు.

పుట్టగానే బిడ్డ రక్తంలోని ఎర్రకణాలు ఎక్కువగా విరుగుతాయి. వాటి నుంచి వచ్చే పచ్చని పదార్థం, బిలిరుబిన్, బయటికి పంపడం కాలేయానికి ఇంకా చేతకాదు. నీలి వెలుగు దాన్ని సులువుగా బయటికి పోయే రూపంలోకి మారుస్తుంది. ఎండకు ఆ కొలత లేదు. సరిపడా వెలుగు అందేలోగా బిడ్డ కమిలిపోతుంది లేదా చలితో వణుకుతుంది. దీపం కింద కళ్ళకు గంతలు కడతారు, భయపడకండి. మధ్యమధ్య తీసి పాలివ్వండి, పాలే ఆ పచ్చదనాన్ని బయటికి తోసేది. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు పట్టకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ముగ్గురిని కని, నలుగురు మనుమలకు ఈ కాళ్ళ మీదే నీళ్ళు పోశాను. ఇప్పుడు ఈ ఐదో మనుమరాలికి నూనె పెట్టనివ్వరు, సాంబ్రాణి వేయనివ్వరు. మా కోడలు అన్నీ ఫోనులో చూసి చెబుతుంది. మేము పెంచలేదా?
– ఒక నాయనమ్మ, కరీంనగర్

పెంచారు, అక్కగారూ. మీ కాళ్ళ మీద ఉన్నంత భద్రంగా బిడ్డ ప్లాస్టిక్ తొట్టిలో ఉండదు. నూనె మీ కోడలు ఎందుకు వద్దంటున్నదో తెలియదు గాని, బొడ్డు ఊడాక గోరువెచ్చని కొబ్బరినూనె మెల్లగా రాసి, గాలి తగలని గదిలో అయిదు నిమిషాల్లో నీళ్ళు పోసి తుడిచేయండి. మాడు మీద అరచేత్తో తట్టకండి, రాస్తే చాలు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు, కళ్ళె తీయాలని గొంతులోకి వేలు, ఉగ్గులో ఆముదం, ఇవి మాత్రం మానేయండి. ఆముదం పట్టాక ఊపిరితిత్తుల్లోకి పోయి వార్డుకు వచ్చిన పిల్లలను ఈ చేతులతో ఎత్తుకున్నాను. సాంబ్రాణి కూడా పొగే. బిడ్డ దగ్గర చుట్ట పొగ వద్దన్నప్పుడు దీన్ని మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి? కాటుక కళ్ళకు వద్దు, అందులో సీసం కలిసే ప్రమాదముంది. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, కోడలితో నేను చెప్పానని చెప్పండి.

కాన్పయి 23 రోజులు. నా భార్య బిడ్డను ఎత్తుకోవడం మానేసింది. రాత్రి బిడ్డ నిద్రపోయినా తను పడుకోదు, గోడవైపు తిరిగి ఏడుస్తుంది. దిష్టి తీయించారు. బద్ధకమని మా అక్క అంటోంది.
– ఒక భర్త, అనంతపురం

బాబూ, ఇది బద్ధకం కాదు, దిష్టి కాదు. కాన్పయిన మూడో రోజు నుంచి చాలామందికి ఊరికే ఏడుపు వస్తుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీరు రాసింది అది దాటిపోయింది. ఈ పత్రిక పక్కన పెట్టి కాన్పు చేసిన డాక్టరుకు గాని, మానసిక వైద్యునికి గాని ఇవాళే చూపించండి. పాలిస్తూ వాడదగిన మందులున్నాయి. అర్ధరాత్రి తోడు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. చచ్చిపోవాలనో బిడ్డను ఏమైనా చేయాలనో ఒక్క మాట అన్నా ఆమెను ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మీ అక్కగారిని ఈ నెల రావద్దనండి.

పాపకు వారం రోజులు. రొమ్ములు ఉబ్బాయి, కింద రెండు చుక్కల నెత్తురు కనిపించింది. రొమ్ములు పిండాలని మంత్రసాని అంటోంది.
– గుంటూరు

తల్లి హార్మోన్ల ప్రభావం అది. కొద్ది రోజుల్లో నెత్తురు, కొన్ని వారాల్లో వాపు వాటంతట అవే పోతాయి. పిండితే చీము పడుతుంది. ముట్టుకోవద్దు.

ఒళ్ళు వేడిగా ఉంటే ఎంత జ్వరం దాకా ఇంట్లో చూసుకోవచ్చు?
– మంచిర్యాల

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ఇంట్లో చూసుకోవడమన్నదే లేదు. ఒళ్ళు చల్లబడినా, నిమిషానికి 60 సార్లో అంతకన్నా ఎక్కువో ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా అంతే. ఊపిరిని నిండు నిమిషం గడియారం చూసి లెక్కపెట్టండి, బిడ్డ ఏడవనప్పుడు.

తొమ్మిదో రోజున బొడ్డు ఊడింది. దాచిపెట్టాలా, పారేయాలా?
– మొదటిసారి తల్లినైన ఒక టీచరు, విజయనగరం

ఊడేదాకా బూడిద, పసుపు ఏవీ పెట్టకుండా పొడిగా ఉంచారని ఉత్తరంలో రాశారు, సంతోషం. ఊడిన చోట చుట్టూ ఎర్రబడినా చీము కనిపించినా డాక్టరుకు చూపించండి. ఇక దాచడమంటారా, వైద్యానికి దానితో పనిలేదు. తాయెత్తులో పెట్టి బిడ్డ మెడకు మాత్రం కట్టకండి, దారం బిగుసుకుంటుంది. ఆరబెట్టి ఒక భరిణెలో వేసి పెట్టుకోండి. మా పెద్దవాడిది ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మా అమ్మ దాచింది. చెంబు దాచిన ఆవిడే.