ఓడను ఆపింది చమురు కాదు, బ్యాంకు

"చమురు ధర పెరిగినప్పుడు అంతర్జాతీయ వ్యాపారం ఎక్కువ దెబ్బతింటుందా, ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడా?" అని అడిగారు. సంక్షోభం వచ్చినప్పుడే. నాకు ఇందులో అనుమానమే లేదు. 2008లో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పుడు నేను ఒక ఎగుమతుల కంపెనీలో డాక్యుమెంట్ల పని చూసేవాణ్ణి.

ఆ జులైలో పీపా చమురు 147 డాలర్లు దాటింది. షిప్పింగ్ లైన్లు ఇంధన సర్‌చార్జ్ పెంచుకుంటూ పోయాయి. బయ్యర్లతో గొడవపడ్డాం, లాభం తగ్గించుకున్నాం. సరుకు మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. చమురు ధర దిగుతోంది కదా, ఇక ఫ్రైట్ (ఓడ రవాణా ఖర్చు) తగ్గుతుందని మేం సంబరపడ్డాం. అక్టోబర్‌లో మా రెండు కంటైనర్లు పోర్టుకు చేరాయి. బయ్యర్ పాతవాడే, ఆర్డర్ రద్దు చేయలేదు. ఎల్‌సీ (సరుకు పంపిన కాగితాలు చూపితే బయ్యర్ తరఫున డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, లెటర్ ఆఫ్ క్రెడిట్) కూడా చేతిలో ఉంది. కానీ దాన్ని ఇచ్చిన విదేశీ బ్యాంకు పేరు చూడగానే మా బ్యాంకు మేనేజర్ కాగితాలు పక్కన పెట్టేశారు. "ఆ బ్యాంకు వచ్చే నెలకి ఉంటుందో లేదో ఎవరు చెప్తారండీ? ఇంకో బ్యాంకుతో కన్ఫర్మ్ చేయించుకురండి" అన్నారు. అంటే, ఆ బ్యాంకు ఇవ్వకపోతే తాను ఇస్తానని ఇంకో బ్యాంకు కూడా హామీ ఇవ్వాలి. ఎక్కడ అడిగినా ఎవరూ ముందుకు రాలేదు. ఐదు వారాలు! పోర్టులో నిల్వ చార్జీలు పెరిగిపోతుంటే మా యజమాని టెన్షన్‌తో గంటకోసారి నా టేబుల్ దగ్గరికొచ్చి "మెయిల్ ఏమైనా వచ్చిందా?" అని అడిగేవారు. చివరికి బయ్యరే సగం డబ్బు ముందుగా పంపితే సరుకు కదిలింది. అప్పటికి చమురు 50 డాలర్ల దగ్గరికి పడిపోయింది. అంత చౌకైన చమురు మాకు ఏం పనికొచ్చింది?

ఇది మా ఒక్కరి కథే కాదు. ముడిసరుకు మోసే ఓడల అద్దెల్ని చూపే బాల్టిక్ డ్రై సూచీ ఆ మే నెలలో 11,793 ఉండేది, డిసెంబర్‌కల్లా 663కి పడింది. 2009లో ప్రపంచ వ్యాపారం పరిమాణంలో దాదాపు 12 శాతం తగ్గింది. డిమాండ్ పడిపోవడమే పెద్ద కారణమంటారు ఆర్థికవేత్తలు. కావచ్చు. కానీ ఆర్డర్ చేతిలో ఉండి కూడా పంపలేకపోయిన మాలాంటివాళ్లను ఏ లెక్కలో వేస్తారు? 2009 ఏప్రిల్‌లో లండన్‌లో కలిసిన జీ20 దేశాలు ఒక్క ఎగుమతి దిగుమతుల రుణాలకే 250 బిలియన్ డాలర్ల మద్దతు ప్రకటించాయంటే సమస్య ఎక్కడుందో వాళ్లకూ అర్థమైనట్టే.

టీవీల్లో మాత్రం ఎప్పుడూ పీపా ధరే.  

చమురు దెబ్బ చిన్నదని నేను అనడం లేదు. 1973 అక్టోబర్ మొదట్లో సుమారు 3 డాలర్లున్న పీపా కొద్ది నెలల్లోనే 12 డాలర్లకు చేరువైంది. దిగుమతి చేసుకునే చాలా దేశాల డాలర్లు ఎక్కువగా చమురుకే పోయాయి. డాలర్లు అయిపోయిన దేశంలోని బ్యాంకు ఇచ్చే ఎల్‌సీని ఎవరు నమ్ముతారు? అక్కడా చివరికి తేలేది బ్యాంకు దగ్గరే.

మీరు ఎగుమతుల్లోకి దిగేట్టయితే, రోజులు బాగున్నప్పుడే కన్ఫర్మ్ చేసిన ఎల్‌సీ అడగండి. ఆ చార్జీ కాస్త బరువనిపించినా వదలొద్దు.