గోల్ఫ్ సీజన్ జోస్యాలు ఎక్కడ తప్పుతాయి? 2024ని విప్పి చూస్తే

మీరడిగినవి నాలుగు. జనవరిలో నిపుణులు చెప్పే జోస్యాలను ఎంత నమ్మాలి? 2024లో అమెరికా గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ అంతలా ఊపేస్తాడని ముందే తెలిసే దారి ఉందా? పీజీఏ టూర్ (అమెరికాలోని ప్రధాన గోల్ఫ్ పోటీల వరుస) సీజన్ ముగింపు టోర్నీ అయిన టూర్ చాంపియన్‌షిప్‌లో ఆట మొదలవకముందే అతనికి పది స్ట్రోకుల (బంతిని కొట్టే దెబ్బల) ముందంజ ఎందుకిచ్చారు? మన సాహిత్ తీగలకి బంకర్‌లో (ఇసుక గుంటలో) పడ్డ పెనాల్టీ న్యాయమేనా?

నాలుగింటికీ వేరు ఒకచోటే ఉంది. ఎవరు బాగా ఆడతారన్నది ఒక లెక్క, ఎవరు గెలుస్తారన్నది వేరే లెక్క. మొదటిది ఏడాది ముందే చాలావరకు చెప్పొచ్చు. రెండోది ఆ వారం పట్టర్ (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) ఎలా పలుకుతోంది, బరిలో ఎవరున్నారు, నిబంధనలు ఎలా రాశారు అన్నవాటి మీద నడుస్తుంది. రెంటినీ కలిపేసి "ఈ ఏడు ఫలానావాడు రెండు మేజర్లు (ఏడాదిలో నాలుగే ఉండే అతిపెద్ద టోర్నీలు) కొడతాడు" అని రాస్తే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

మొదటి లెక్కకి పనిముట్టు స్ట్రోక్స్ గెయిన్డ్, అంటే సగటు ఆటగాడితో పోలిస్తే ఒక్కో షాట్ ఎంత సంపాదించిందన్న లెక్క. ఒక్క హోల్ మీద చూస్తే చాలు, మొత్తం అర్థమైపోతుంది. 400 గజాల పార్ 4 (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్) అనుకోండి. టీ మీద నిలబడ్డ సగటు పీజీఏ టూర్ ఆటగాడు దాన్ని 3.99 స్ట్రోకుల్లో ముగిస్తాడు. డ్రైవ్ కొట్టాక బంతి ఫెయిర్‌వేలో, జెండాకి 100 గజాల దూరంలో ఆగింది. అక్కణ్నుంచి సగటు 2.80. 3.99లోంచి 2.80 తీసి, కొట్టిన ఒక స్ట్రోకూ తీసేస్తే 0.19 మిగులుతుంది. అది డ్రైవ్ సంపాదన. రెండో షాట్ 8 అడుగుల్లో పడింది. ఆ దూరం నుంచి సగటు 1.50, అంటే టూర్ ఆటగాళ్లు కూడా సగం సార్లే వేస్తారు. ఈ షాట్ సంపాదన 0.30. పట్ పడింది, ఇంకో 0.50. మొత్తం 0.99. స్కోర్‌కార్డు మీద కనిపించేది ఒక బర్డీయే (పార్ కన్నా ఒకటి తక్కువ), కానీ అందులో సగం పట్‌ది. అదే డ్రైవ్ 100 గజాల దగ్గరే రఫ్‌లో (పక్కనుండే పొడుగు గడ్డిలో) ఆగి ఉంటే అక్కణ్నుంచి సగటు 3.02, డ్రైవ్ సంపాదన మైనస్ 0.03కి పడిపోయేది.

ఈ ముక్కల్లో టీ నుంచి గ్రీన్ దాకా సాగే ఆట ఏడాది తర్వాత ఏడాది నిలబడుతుంది. పటింగ్ నిలబడదు. కొన్ని వారాల్లోనే పైకీ కిందకీ ఊగుతుంది. 2023 సీజన్‌లో షెఫ్లర్ టీ నుంచి గ్రీన్ దాకా టూర్‌లో మొదటివాడు, పటింగ్‌లో 162వ వాడు. రెండో అంకె చూసి పెదవి విరిచినవాళ్లు చాలామంది. నిజానికి ఆ పట్టికను తిరగేసి చదవాలి. అంత చెత్తగా పట్ చేస్తూ కూడా ప్రతివారం పైవరుసలో ఉన్నవాడు, పటింగ్‌లో ఉత్త సగటుకి వచ్చినా ఆపడం కష్టం. 2024 మార్చిలో ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్‌కి బ్లేడ్ పట్టర్ పక్కన పెట్టి మాలెట్ తెచ్చుకున్నాడు. మాలెట్ తల పెద్దది, బరువు అంచుల వైపు పంచి ఉంటుంది. బంతి నడిమధ్యలో తగలకపోయినా తల మెలి తిరగడం తక్కువ, అందుకని బంతి దిశా వేగమూ పెద్దగా చెదరవు. ఆ వారం ఐదు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. తర్వాతి వారం ప్లేయర్స్ చాంపియన్‌షిప్ గెలిచి, దాన్ని వరుసగా రెండేళ్లు నెగ్గిన మొదటివాడయ్యాడు. ఏప్రిల్‌లో మాస్టర్స్. ఏడాది మొత్తానికి ఏడు పీజీఏ టూర్ టైటిళ్లు, పైన పారిస్ ఒలింపిక్ స్వర్ణం. ఏడు వస్తాయని ఎవరూ చెప్పలేరు గానీ, "పట్టర్ కుదిరితే వీడే" అన్న మాట మాత్రం 2023 అంకెల్లోనే రాసి ఉంది.

కాబట్టి పేర్లు రాయకండి, శాతాలు రాయండి. 2024 మాస్టర్స్‌కి ముందు పందెం సంస్థల్లో షెఫ్లర్ ధర సుమారు 4కి 1, అంటే రూపాయి పెట్టి గెలిస్తే నాలుగు లాభం. శాతంలో చెప్తే 20. అందులో పందెం సంస్థ లాభం కలిసి ఉంటుంది కాబట్టి అసలు అవకాశం ఇంకాస్త తక్కువే. గోల్ఫ్‌లో ఒక్కడికి అంత రావడమే అరుదు. సరే, నాలుగు మేజర్లకీ 20 శాతం చొప్పునే వేసుకుందాం. 0.8ని నాలుగుసార్లు గుణిస్తే 0.41, అంటే ఆ ఏడాది ఒక్కటీ గెలవకపోయే అవకాశమే 41 శాతం. కనీసం ఒకటి గెలిచేది 59. అంతటివాడికే ఇలా ఉంటే, మిగతావాళ్ల గురించి "ఈసారి ఖాయం" అనే మాట ఎంత తేలికో చూడండి. (ఈ ధరలు చదవడం అంచనా కోసమే. ఆన్‌లైన్ పందేలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం.)

పేరు మీద కాకుండా అంకెల మీద వెళ్తే క్సాండర్ షాఫ్లే లాంటివాళ్లు కనిపిస్తారు. 2024 మే దాకా అతని మీద ముద్ర ఒకటే, "మేజర్ గెలవలేనివాడు". కట్ (టోర్నీ సగంలో వెనకబడ్డవాళ్లని తీసేసే గీత) తప్పకుండా, వారం వారం పైవరుసలో ఉండేవాడికి అలాంటి ముద్ర పడిందంటే అది ధర తక్కువగా దొరుకుతున్న సరుకని అర్థం. వల్హాల్లా కోర్సులో చివరి హోల్‌పై ఆరడుగుల పట్ వేసి పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచాడు. 21 అండర్ (పార్ కన్నా 21 తక్కువ), మొత్తం 263. అప్పటిదాకా మగవాళ్ల మేజర్లలో అంత తక్కువ స్కోరు లేదు. జులైలో రాయల్ ట్రూన్‌లో ఓపెన్ కూడా పట్టుకుపోయాడు.

ఇక వివాదాలు. వీటిని రెండు కుప్పలుగా విడదీసుకోవాలి. వార్తల్లో మోగి పోయేవి ఒకటి, అంకెల్ని మార్చేవి ఇంకొకటి. వల్హాల్లా బయట మే 17న షెఫ్లర్ అరెస్టు మొదటి కుప్పలోది. తెల్లవారకముందు ప్రమాదంలో ఒకరు చనిపోయి ట్రాఫిక్ ఆగింది. దాన్ని దాటుకుని వెళ్లబోయాడని పోలీసులు పట్టుకెళ్లారు. అదే ఉదయం తిరిగొచ్చి 66 కొట్టాడు, టోర్నీని ఎనిమిదో స్థానంలో ఇతరులతో కలిసి ముగించాడు. మే 29న అభియోగాలు కొట్టేశారు, జూన్‌లో ఇంకో రెండు టైటిళ్లు. అంచనాలో దీనికోసం ఒక్క శాతం కూడా కదపాల్సిన పని లేదు.

రెండో కుప్పలో పెద్దది లివ్, పీజీఏ టూర్‌కి పోటీగా వచ్చిన లీగ్. అప్పట్లో అక్కడ టోర్నీకి 54 హోల్స్, కట్ లేదు, కొత్తవాళ్లు లోపలికి వచ్చే దారులు చాలా ఇరుకు. ముఖ్యంగా ఆ చివరి కారణంతోనూ, జట్టు పోటీ కలిసి ఉండటంతోనూ 2023 అక్టోబరులో ప్రపంచ ర్యాంకింగ్ సంస్థ పాయింట్లు ఇవ్వనంది. 2024 మార్చిలో లివ్ తన దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మీకు దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఆ ఏడాది మొదట్లో ర్యాంకింగ్ పట్టిక చూసి జాబితా కడితే బ్రైసన్ డిషాంబో అందులో ఎక్కడో అడుగున ఉంటాడు. ఆట మాత్రం అడుగున లేదు: మాస్టర్స్‌లో ఆరో స్థానం పంచుకున్నాడు, పీజీఏ చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం, యూఎస్ ఓపెన్‌లో విజేత. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. 2023 డిసెంబరులో జాన్ రామ్ లివ్‌లోకి వెళ్లాక, అక్కడ గెలిచినవాటిని మేజర్లకి నేరుగా కలిపేసినవాళ్లు దెబ్బతిన్నారు. అక్కడ సీజన్ టైటిల్ అతనిదే. కానీ నిరుటి విజేతగా వచ్చిన మాస్టర్స్‌లో 45వ స్థానం పంచుకున్నాడు, పాదానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి యూఎస్ ఓపెన్ ఆడనేలేదు. నా పద్ధతి ఇది: లివ్ ఆటగాడికి ర్యాంకు చూడను, ప్రతి రౌండునీ ఒకే కొలబద్ద మీదికి తెచ్చే డేటా గోల్ఫ్ లాంటి రేటింగ్ చూస్తాను, గాయాల వార్త మాత్రం టోర్నీ వారం మంగళ, బుధవారాల్లోనే చూస్తాను. అంతకు ముందు చూసి లాభం లేదు.

ఇంకోటి, ఫీల్డు. 2024లో సిగ్నేచర్ ఈవెంట్లు (పీజీఏ టూర్‌లో పెద్ద బహుమతి, తక్కువ మంది ఉండే టోర్నీలు) ఎనిమిది, ఒక్కోదాని బహుమతి మొత్తం 2 కోట్ల డాలర్లు, చాలావాటిలో ఆడేది సుమారు 70-80 మంది. ఐదింటిలో కట్టే లేదు. మామూలు టోర్నీ గెలిస్తే 500 ఫెడెక్స్ పాయింట్లు (సీజన్ విజేతని తేల్చే పాయింట్లు), ఇక్కడ 700, మేజర్‌కి 750. సీజన్ చివర ఎవరు పైన ఉంటారో ఊహించాలంటే ఆ ఎనిమిదింటిలోకి ఎవరికి ప్రవేశం ఉందో ముందు రాసుకోండి. బయట ఉన్నవాడు మామూలు టోర్నీలు రెండు గెలిచినా ఆ తేడా పూడ్చుకోవడం కష్టం.

ఇంత చేసినా లెక్క ఆగిపోయే చోటు ఒకటుంటుంది. పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సులో గ్రీన్లు బోర్లించిన పళ్లెంలా ఉంటాయి, కొంచెం పక్కకి పడినా బంతి అంచు దాటి జారిపోతుంది. అక్కడి యూఎస్ ఓపెన్ చివరి రోజుకి ముందు, 2024లో మూడడుగుల లోపు పట్‌లు రోరీ మెకిల్‌రాయ్ 496 వేస్తే 496 పడ్డాయి. 16వ హోల్‌పై రెండున్నర అడుగులది తప్పిపోయింది. 18వ హోల్‌పై 3 అడుగుల 9 అంగుళాలది కూడా. ఒక్క స్ట్రోకుతో డిషాంబో గెలిచాడు. దీన్ని ఏ మోడల్‌కీ తప్పుగా రాయకండి. 16వ హోల్ దాకా మోడల్ రోరీ వైపు మొగ్గి ఉంటే అది తప్పు కాదు.

ఇప్పుడు పది స్ట్రోకుల సంగతి. 2018 దాకా టూర్ చాంపియన్‌షిప్ గెలిచేవాడు ఒకడు, సీజన్ పాయింట్ల మీద ఇచ్చే ఫెడెక్స్ కప్ గెలిచేవాడు ఇంకొకడు కావచ్చు. ఆ ఏడు టోర్నీ టైగర్ వుడ్స్‌ది, కప్పు జస్టిన్ రోజ్‌ది. ఒకే గ్రీన్ మీద ఇద్దరు విజేతలుంటే టీవీ ముందున్నవాడికి తల తిరుగుతుందని 2019లో స్టార్టింగ్ స్ట్రోక్స్ తెచ్చారు. పాయింట్లలో మొదటివాడు 10 అండర్‌తో మొదలుపెడతాడు, రెండోవాడు 8, ఆ తర్వాత 7, 6, 5. ఆరు నుంచి పదో స్థానం దాకా 4, అలా తగ్గుతూ చివరి ఐదుగురికి సున్నా. షెఫ్లర్ 2022, 2023, 2024 మూడేళ్లూ 10తోనే మొదలుపెట్టాడు. మొదటి రెండేళ్లూ పోగొట్టుకున్నాడు, ఒకసారి రోరీకి, ఒకసారి విక్టర్ హోవ్‌లాండ్‌కి. 2024లో 30 అండర్‌తో గెలిచాడు. అందులో ఆడి సంపాదించింది 20. రెండో స్థానంలో ఉన్న కాలిన్ మోరికావా 4తో మొదలై 26కి చేరాడు, ఆడింది 22. అంటే ఆ నాలుగు రోజుల్లో తక్కువ స్ట్రోకులు కొట్టినవాడు ఓడిపోయాడు. గెలవకముందే ఈ పద్ధతి అర్థంలేనిదని షెఫ్లరే అన్నాడు. నా మాట అడిగితే, సీజన్ అంతా ఏలినవాడికి ఏదో ఒక ముందంజ ఉండటం తప్పు కాదు, కానీ దాన్ని స్కోరులో కలిపేయడం తప్పు. 2025లో తీసేశారు. అందరూ సున్నాతో మొదలయ్యారు, టామీ ఫ్లీట్‌వుడ్ 164వ ప్రయత్నంలో తన మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. ఇకమీదట ఈ టోర్నీ అంచనా కట్టేటప్పుడు 2019-24 ఫలితాలను మామూలు ఫలితాల్లా కలపకండి, మొదలెట్టిన స్ట్రోకులు తీసేసి వాడండి.

సాహిత్ తీగల పెనాల్టీ పడింది కూడా అదే 2024 టోర్నీలో, మూడో రౌండు మూడో హోల్ దగ్గర. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ రోజు నిద్ర పట్టి ఉండదు, కానీ రూలు చూస్తే సందేహం లేదు. బంకర్‌లో ఉండగా బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ ఇసుకకి తగిలితే రెండు స్ట్రోకుల పెనాల్టీ, రూలు 12.2బి. కావాలని తాకాడా, లాభం వచ్చిందా అని చూడరు. విచిత్రమేమిటంటే షాట్ అయ్యాక కోపంతో అదే ఇసుకని క్లబ్‌తో బాదినా పెనాల్టీ లేదు. కాళ్లు ఇసుకలో దిగేసి నిలబడొచ్చు, క్లబ్ మీద వాలి ఊపిరి తీసుకోవచ్చు. బంతి ముందూ వెనకా ఆనించకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లో తాకకూడదు.

కదిలింది కొన్ని రేణువులే. తనకి తగిలినట్టు అనిపించిందని అతనే అధికారులకు చెప్పాడు. "వీడియోలో సరిగ్గా కనపడందానికి పెనాల్టీ ఏమిటి" అన్న వాదన చాలా నడిచింది. కంటికి కనపడనంత చిన్నదాన్ని వీడియోలో పెద్దది చేసి చూసి శిక్ష వేయకూడదన్న రూలు ఉన్నమాట నిజం, 20.2సి. కానీ అదే రూలు చివర, కంటికి కనపడకపోయినా క్లబ్ ఇసుకకి తగిలినట్టు ఆటగాడికి తెలిస్తే పెనాల్టీ పడుతుందని ఉంది, ఉదాహరణగా బంకర్‌నే చెప్పారు. అతను నోరు తెరిచాక అధికారులకి వేరే దారి లేదు.

24 అండర్‌తో మూడో స్థానం, 75 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే 26, మోరికావాతో సమానం. రెండో స్థానం కోటీ 25 లక్షలూ మూడో స్థానం 75 లక్షలూ కలిపి పంచితే ఒక్కొక్కరికి కోటి. ఆ కొన్ని రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లు.