ఇథియోపియా బిర్‌లలో పాలసీ, గుంటూరులో కుటుంబం

ప్రశ్న: ఇథియోపియాలోని బహిర్ దార్‌లో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. వయసు 44. భార్య, ఇద్దరు పిల్లలు గుంటూరులో ఉంటారు. ఇంటి ఖర్చు ఏడాదికి 6 లక్షలు, హోమ్ లోన్ బాకీ 22 లక్షలు. ఇండియాలో 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) ఉంది. 15 ఏళ్లకు 10 లక్షల బిర్‌ల (ఇక్కడి కరెన్సీ) ఎండోమెంట్ పాలసీ, అంటే గడువు తీరాక డబ్బు తిరిగొచ్చే పొదుపు బీమా, తీసుకోమని ఇక్కడి ఏజెంటు అడుగుతున్నారు. గొడవలు ఎప్పుడు ముదురుతాయో తెలీదు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. కంపెనీ మునుగుతుందని కాదు, బిర్ విలువ కరుగుతుందని. 2024 జులై 29న అక్కడి ప్రభుత్వం మారకపు రేటును మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 57 బిర్లు ఉండేది, ఆ ఏడాది చివరికి 120 దాటింది. అంటే మీ ఏజెంటు చెప్పే 10 లక్షల బిర్లు అప్పట్లో సుమారు 17,500 డాలర్లు, ఐదు నెలలు తిరిగేసరికి 8,300. పాలసీ బాండు మీద అంకె మాత్రం చెక్కుచెదరలేదు! పైగా మెచ్యూరిటీ డబ్బు గుంటూరు చేరాలంటే బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) దొరకాలి.

అక్కడి బీమా మార్కెట్ సంగతి కూడా చూడండి. 1975లో దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం బీమా కంపెనీలన్నిటినీ జాతీయం చేసింది, మన దగ్గర 1956లో జీవిత బీమాకు చేసినట్టే. ప్రైవేటు వాళ్లకు మళ్లీ తలుపు తెరిచింది 1994లో. ఇవాళ్టికీ వ్యాపారంలో ఎక్కువ భాగం వాహన బీమాదే, జీవిత బీమా వాటా బాగా తక్కువ. స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైందే 2025 జనవరిలో. దీర్ఘకాలం పెట్టుబడి పెట్టే చోటు లేనప్పుడు 15 ఏళ్ల రాబడి హామీకి బలం ఎక్కడిది? కారు ఉంటే దాని బీమా మాత్రం అక్కడే తీసుకోవాలి, థర్డ్ పార్టీ తప్పనిసరి. అల్లర్లలో కారు తగలబడితే మామూలు పాలసీ ఇవ్వదు. రాజకీయ హింస, టెర్రరిజం కవర్ విడిగా అడిగి రాయించుకోండి.

ఇక అసలు లోటు మీ టర్మ్‌లో ఉంది. 15 ఏళ్ల ఖర్చుకు 90 లక్షలు, లోన్ 22, పిల్లల చదువుకు ఓ 25 వేసుకున్నా 1.37 కోట్లు. ఉన్నది 50 లక్షలు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు మరో కోటికి ఇక్కడే దరఖాస్తు చేయండి, మెడికల్ పరీక్షలూ ఇక్కడే అయిపోతాయి. మీరుండే చోటును బట్టి కొన్ని కంపెనీలు ప్రీమియం పెంచుతాయి, కొన్ని కాదంటాయి. ఆ భయంతో ఫారంలో రాజధాని అడిస్ అబాబా పేరు రాసి సరిపెట్టకండి. ఉండేది బహిర్ దార్ అయితే బహిర్ దార్ అనే రాయండి. మొదటి మూడేళ్లలో క్లెయిమ్ వస్తే, దాచిన సంగతిని పట్టుకుని తిరస్కరించే హక్కు బీమా చట్టం సెక్షన్ 45 కింద కంపెనీకి ఉంటుంది.

యాక్సిడెంట్ రైడర్‌ను (పాలసీకి అదనంగా జోడించే ప్రమాద కవర్) లెక్కలో వేసుకోకండి. యుద్ధం, అంతర్యుద్ధం, అల్లర్లలో పోతే రైడర్ డబ్బు రాదు. బేస్ టర్మ్‌లో సాధారణంగా ఆ మినహాయింపు ఉండదు, అయినా మీ పాత పాలసీలో 'మినహాయింపులు' పేజీ ఒకసారి తిప్పి చూడండి.

ప్రీమియం నెలనెలా కట్టే పద్ధతి పెట్టుకోవద్దు. నెలవారీకి గ్రేస్ (గడువు దాటాక కట్టడానికి ఇచ్చే వ్యవధి) 15 రోజులే, ఏడాదికోసారి అయితే 30. 2023 ఆగస్టులో మీరుండే అమ్హారా ప్రాంతంలో ఎమర్జెన్సీ పెట్టాక మొబైల్ ఇంటర్నెట్ నెలల తరబడి లేదు. ఓటీపీ రాక, ప్రీమియం కట్టలేక పాలసీ ల్యాప్స్ అవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇండియాలో తెరిచే రూపాయి ఖాతా) నుంచి ఏడాదికోసారి ఆటో డెబిట్ పెట్టేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు.

మీ ఇండియా హెల్త్ పాలసీ అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తుందని అనుకోకండి, చాలా పాలసీలు దేశం లోపలి చికిత్సకే. మెడికల్ ఇవాక్యుయేషన్ (జబ్బు చేస్తే వేరే ఆసుపత్రికి తరలించడం) ఉన్న పాలసీ విడిగా తీసుకోండి. డబ్బుకు పూచీ పత్రం అందకుండా ఎయిర్ అంబులెన్స్ సాధారణంగా బయల్దేరదు. ఆ పత్రం ఎవరిస్తారు, రాత్రిపూట ఏ నంబరుకు చేయాలి అన్నది ముందే అడగండి. అల్లర్లప్పుడు ఊరి నుంచి తరలించేది వేరే కవర్, రెండూ ఒకటి కాదు.

పాలసీ బాండ్లు, పాస్‌పోర్ట్ కాపీ, ఉద్యోగ ఒప్పందం, అడిస్‌లోని మన ఎంబసీ నంబరు ఒక ఫైల్లో పెట్టి మీ ఆవిడకు ఇవ్వండి. క్లెయిమ్‌కు అక్కడి మరణ ధ్రువపత్రం, దానిమీద ఎంబసీ ముద్ర, ప్రమాదమైతే పోలీసు రిపోర్టు అడుగుతారు. అవి తెప్పించాల్సింది ఆవిడే కదా.